ఒకటి లొంగింది, ఇంకొకటి మొండికేసింది

రక్త క్యాన్సర్‌కి ఇమాటినిబ్ అనే బిళ్ల మొదలుపెట్టిన ఆరో నెలలో రెండు రిపోర్టులు ఒకే వారంలో వచ్చాయి. ఒకదాంట్లో బీసీఆర్-ఏబీఎల్, అంటే ఆ క్యాన్సర్‌ని నడిపించే జన్యువు, 0.7 శాతం. ఆర్నెల్లకి అది ఒక శాతం లోపుకి దిగాలన్నది డాక్టర్ల లెక్క, దిగింది. రెండోదాంట్లో ప్లేట్‌లెట్లు 10 లక్షల 40 వేలు. మామూలు మనిషికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. మొదటి కాగితం చూసి మావారు దుర్గమ్మకి దణ్ణం పెట్టుకున్నారు. రెండోది చూసి, "ల్యాబు వాళ్లు ఎక్కడో పొరబడి ఉంటారు, ఇంకోచోట చేయిద్దాం" అన్నారు. చేయించాం. అక్కడా పది లక్షల పైనే వచ్చింది.

పేరు పెట్టిన జబ్బు తగ్గిపోతోంది, నాకు మాత్రం తగ్గినట్టు లేదు. కాలి వేళ్లు ఎర్రబడి మండటం మొదట ఎలా ఉండేదో అప్పటికీ అలాగే ఉంది. నా ఒంట్లో ఉన్న రక్త క్యాన్సర్ ఒకటి కాదు, రెండు అని తెలిసింది ఆ తరవాతే.

మాది విజయవాడ సత్యనారాయణపురం. బీమా కంపెనీలో క్లెయిముల సెక్షన్‌లో పనిచేస్తాను. ఊళ్లోవాళ్ల జబ్బుల కాగితాలు రోజూ నా టేబుల్ మీదికొస్తాయి కాబట్టి సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్) అన్న మూడక్షరాలు నాకు కొత్త కాదు. అవి నా పేరు కింద కనబడటమే కొత్త.

మొదలైంది ఒక వేసవిలో. బెజవాడ ఎండల గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. స్నానం చేసి రాగానే ఒళ్లంతా దురద పెట్టేది. దద్దు లేదు, పొక్కు లేదు, గోకితే కనబడే మచ్చా లేదు. పావుగంట, ఇరవై నిమిషాలు చీమలు పాకినట్టుండి అదే పోయేది. మా అత్తగారు "వేడి చేసింది" అని తేల్చేశారు. పుల్లటి మజ్జిగ, సబ్జా నీళ్లు, నానబెట్టిన మెంతులు, వరసగా అన్నీ అయ్యాయి. సబ్బు మార్చాను. నీళ్ల ట్యాంకు కడిగించాను. అరికాళ్లు, వేళ్లు మండటం మొదలయ్యాక అదీ వేడిలోనే కలిసిపోయింది. రాత్రిపూట గచ్చు మీద పాదాలు ఆనించుకుని పడుకునేదాన్ని. స్నానం తరవాత వచ్చే ఆ దురద, వేళ్ల మంట రెండూ ఈ జాతి రక్త జబ్బుల్లో కనబడే గుర్తులని తరవాత డాక్టరుగారు చెప్పారు. బెజవాడలో మే నెలలో ఆ మాట ఎవరికి తడుతుంది?

ఎడమ డొక్కలో బరువుగా ఉండటం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం వచ్చాక మాత్రం సూర్యారావుపేటలో సీబీపీ, అదే రక్త కణాల లెక్క పరీక్ష, చేయించుకున్నాను. తెల్లకణాలు 74 వేలు, ప్లేట్‌లెట్లు 9 లక్షల 80 వేలు, హిమోగ్లోబిన్ 13.6. ల్యాబులో కుర్రాడు రిపోర్టు చేతికివ్వకుండా "మేడం, ఒక్క నిమిషం కూర్చోండి, పాథాలజిస్టుగారు మాట్లాడతారట" అన్నాడు. స్లైడు మీద తెల్లకణాలు పసికందు దశ నుంచి ముదురు దశ దాకా అన్ని వయసులవీ కనబడుతున్నాయనీ, బేసోఫిల్స్ అనే రకం తెల్లకణాలు ఎక్కువున్నాయనీ, రక్తజబ్బుల డాక్టరుని వెంటనే కలవమనీ ఆయన చెప్పారు. భయపెట్టలేదు. అలాగని దాచనూ లేదు.

బందరు రోడ్డు మీద ఒక ఆసుపత్రిలో హెమటాలజిస్టుని కలిశాం. స్కాన్‌లో ప్లీహం పెరిగి 16 సెంటీమీటర్లు తేలింది. జన్యు పరీక్ష ఫలితం వచ్చేలోగా తెల్లకణాలు అదుపులో ఉండటానికి హైడ్రాక్సీయూరియా, యూరిక్ యాసిడ్ పెరగకుండా అల్లోప్యూరినాల్ రాశారు. ఈ హైడ్రాక్సీయూరియా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఎముక మజ్జ పరీక్ష గురించి మావాళ్లు చెప్పిన కథలు వింటే సగం మంది ఆసుపత్రి గుమ్మం నుంచే వెనక్కి పోతారు. వెన్నులోంచి తీస్తారని, తరవాత నడుం పనికిరాదని ఏవేవో. వెన్నుకి సంబంధమే లేదు. పక్కకి తిరిగి పడుకోబెట్టి, నడుం కింద వెనకవైపు ఉండే తుంటి ఎముక దగ్గర మత్తు సూది ఇచ్చి తీశారు. సూది దిగేటప్పుడు బరువు తప్ప నొప్పి లేదు. మజ్జని సిరంజిలోకి లాగే ఆ నాలుగైదు క్షణాలు మాత్రం కాల్లోంచి ఏదో పీకేసినట్టుంటుంది, దానికి మత్తు పనిచెయ్యదు. తరవాత చిన్న ఎముక ముక్క తీస్తారు. మర్నాడు ఆఫీసుకెళ్లాను, కుర్చీలో కాస్త ఒరిగి కూర్చున్నాను, అంతే.

ఫలితం వచ్చింది. బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్, 58 శాతం. క్రోమోజోమ్ పరీక్షలో 20 కణాలు చూస్తే 14 కణాల్లో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉంది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, తొలి దశ.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. 9వ క్రోమోజోమ్ చివర ముక్క, 22వ క్రోమోజోమ్ చివర ముక్క తెగి ఒకదాని స్థానంలోకి ఒకటి అతుక్కుంటాయి. విజయవాడ జంక్షన్‌లో రెండు రైళ్ల వెనక బోగీలు ఊడదీసి అటుదిటూ ఇటుదటూ తగిలించినట్టన్నమాట. అలా అతికినచోట 22 మీది బీసీఆర్, 9 మీది ఏబీఎల్ కలిసి ఒకే జన్యువైపోయి, కణాన్ని ఆగకుండా పెరగమని తోలుతూ ఉంటుంది. ఆ కురచబడ్డ 22వ క్రోమోజోమ్‌ని 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఫిలడెల్ఫియాలో చూశారు కాబట్టి ఆ పేరు. ముక్కలు మారాయని కనిపెట్టింది జానెట్ రౌలీ, 1973లో. ఆ కలిసిన జన్యువు చేసే పనిని ఆపే మందు ఇమాటినిబ్ అమెరికాలో 2001లో అనుమతి పొందింది. అంతకుముందు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, కుదిరితే మజ్జ మార్పిడి.

"రక్త క్యాన్సర్లలో దేవుడు కాస్త కనికరించినది ఇదేనమ్మా, రోజుకో బిళ్ల" అన్నారాయన. నిజమే. నాలుగు వందల మిల్లీగ్రాముల బిళ్ల, అన్నం మధ్యలో, పెద్ద గ్లాసుడు నీళ్లతో. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి ఖాయం.

బిళ్ల ఖరీదు గురించి ఒక మాట చెప్పుకోవాలి. దీన్ని మొదట తెచ్చిన కంపెనీ మందు నెలకి లక్షా ఇరవై వేల దాకా ఉండేది. ఆ కంపెనీ మన దేశంలో అడిగిన పేటెంటు ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తీర్పిచ్చింది. అప్పటికే మన కంపెనీల మందు దానిలో పదో వంతు కంటే తక్కువకి దొరుకుతోంది. వాటిలో ఒకటి వీనాట్, తయారుచేసే నాట్కో కంపెనీ వ్యవస్థాపకులది మన గుంటూరు జిల్లానే. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగాన్ని కట్టించిందీ ఆ నాట్కో ట్రస్టే. నాకు తెలిసిన ఒక మిర్చి రైతు అక్కడే చూపించుకుంటున్నాడు. ఆ తీర్పు ఇంకోలా వచ్చి ఉంటే మాలాంటి వాళ్ల పరిస్థితేమిటని ఇప్పటికీ అనుకుంటాను. క్లెయిముల సెక్షన్‌లో ఇన్నేళ్లు కూర్చున్న మనిషిని కదా, లక్షా ఇరవై వేలని పన్నెండుతో గుణించడం నాకు బాగా తెలుసు.

మూడో నెల పరీక్షలో బీసీఆర్-ఏబీఎల్ 4.1 శాతం. అప్పటికి పది లోపుంటే చాలు. తెల్లకణాలు ఏడు వేలు, ప్లీహం తగ్గింది. ప్లేట్‌లెట్లు మాత్రం 6 లక్షల 20 వేలు. "నెమ్మదిగా దిగుతాయి" అన్నారు, అందరం ఊపిరి పీల్చుకున్నాం. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, రాత్రిళ్లు పిక్కలు పట్టెయ్యడం ఇమాటినిబ్ పుణ్యం. వాటితో సర్దుకుపోయాను.

ఆరో నెల సంగతి మొదట్లోనే చెప్పాను. దిగుతాయన్న ప్లేట్‌లెట్లు పైకెక్కాయి.

ఇక్కడ జరిగిన తర్జనభర్జన కాస్త వివరంగానే రాస్తాను. ఇలాంటి రిపోర్టు చేతిలో పెట్టుకుని ఎవరైనా ఉంటే వాళ్లకి కావలసింది ఈ భాగమే.

ఇమాటినిబ్ పనిచేస్తోందా లేదా అని కొలవడానికి రెండు కొలతలున్నాయి. ఒకటి రక్త కణాల లెక్క: తెల్లకణాలు మామూలుకి రావాలి, ప్లీహం చేతికి తగలకూడదు, ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షల లోపుకి రావాలి. రెండోది జన్యువు లెక్క: బీసీఆర్-ఏబీఎల్ మూడు, ఆరు, పన్నెండు నెలలకి ఫలానా అంకె దాటకూడదు. జన్యువు లెక్కలో నేను ఫస్టుక్లాసు. కణాల లెక్కలో తప్పాను.

ఊళ్లోనే ఇంకొక డాక్టరు దగ్గర అభిప్రాయం తీసుకున్నాం. కణాలు అదుపులోకి రాలేదంటే మందు పట్టలేదనే అర్థం అని ఆయన అన్నారు. దాసాటినిబ్‌కి మార్చమన్నారు, ఏబీఎల్‌లో మందుకి లొంగని మార్పులేమైనా వచ్చాయేమో చూసే పరీక్ష కూడా రాశారు. ఆ మాటలో తప్పేం లేదు, ఆ ఒక్క కాగితమే చూస్తే ఎవరైనా అదే అంటారు. మావారు ఆ మందు కొనడానికి సిద్ధమైపోయారు కూడా. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఫోన్లో, "నాన్నా, 58 నుంచి 0.7కి వచ్చిందంటే మందు పట్టనట్టెలా అవుతుంది? ముందు అది అడుగు" అంది.

మా డాక్టరుగారిని అదే అడిగాం. ఆయన కాసేపు పాత కాగితాలన్నీ తిరగేశారు. "మీ ప్లేట్‌లెట్లు ఈ లుకేమియావి కాకపోవచ్చు" అన్నారు. లుకేమియా కణాలు వందో వంతుకి పడిపోయినప్పుడు వాటినుంచి పది లక్షల ప్లేట్‌లెట్లు ఎలా పుడతాయి? ఎవరో వేరేవాళ్లు తయారుచేస్తున్నారు. మూడో నెలలో ఆరు లక్షలకి దిగాయన్నది ఇమాటినిబ్ గొప్ప కాదు, మొదట్లో కొన్నాళ్లు వాడిన హైడ్రాక్సీయూరియా ప్రభావం. అది ఆపాక అసలు రంగు బయటపడింది.

ముందు తేలికైన కారణాలు వెతికారు. ఇనుము తక్కువైనా ప్లేట్‌లెట్లు పెరుగుతాయట, మన ఆడవాళ్లలో అది మామూలే. ఫెరిటిన్ చూస్తే సరిగానే ఉంది. ఒంట్లో ఎక్కడైనా వాపో ఇన్‌ఫెక్షనో ఉందేమోనని సీఆర్‌పీ చూశారు, అదీ బాగుంది. అప్పుడు జాక్2 పరీక్షకి రక్తం పంపారు.

జాక్2 వి617ఎఫ్ పాజిటివ్. 31 శాతం.

జాక్2 అంటే కణానికి "పెరుగు" అన్న కబురు మోసే ప్రోటీను. దాని 617వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సినచోట ఫినైల్‌అలనీన్ వచ్చి కూర్చుంటే, ఎవరూ చెప్పకుండానే ఆ కబురు అదేపనిగా వెళుతూ ఉంటుంది. 2005లో వేర్వేరు దేశాల పరిశోధకులు ఇంచుమించు ఒకేసారి దీన్ని బయటపెట్టారు. ఎర్రకణాలు పెరిగిపోయే పాలిసైతీమియా వెరా ఉన్నవాళ్లలో నూటికి 95 మందిలో ఇది ఉంటుంది. ప్లేట్‌లెట్లు పెరిగే ఎసెన్షియల్ థ్రాంబోసైతీమియాలో, మజ్జ నారలా గట్టిపడే మైలోఫైబ్రోసిస్‌లో సగానికి పైగా మందిలో ఉంటుంది. చిత్రమేమిటంటే జాక్2 ఉండేదీ 9వ క్రోమోజోమ్ మీదే, పై కొసన. ఏబీఎల్ కింది కొసన. దానికీ దీనికీ సంబంధం ఉందేమోనని నేను తెగ ఆలోచించాను గానీ, డాక్టరుగారు ఒకే క్రోమోజోమ్ మీద ఉండటాన్ని పట్టించుకోవద్దన్నారు.

మరి క్రోమోజోమ్ పరీక్షలో ఇది ఎందుకు దొరకలేదు? ఆ పరీక్షలో కనబడేవి ముక్కలు తెగడం, అతకడం లాంటి పెద్ద మార్పులే. జాక్2లో మారేది డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం, సూక్ష్మదర్శినిలో ఎంత చూసినా కనబడదు. దానికోసం విడిగా పరీక్ష పెట్టాలి. అయితే సీఎంఎల్ అని తేలినవాళ్లకి జాక్2 పరీక్ష పెట్టే ఆనవాయితీ లేదు. పుస్తకాల ప్రకారం ఎసెన్షియల్ థ్రాంబోసైతీమియా అని రాయాలంటే బీసీఆర్-ఏబీఎల్ లేదని ముందు తేల్చుకోవాలి. అంటే ఒకటి ఉంటే రెండోది లేనట్టే అన్న లెక్క మీద ఈ జబ్బుల పంపకం జరిగింది. రెండూ ఒకే మనిషిలో ఉండటం చాలా అరుదు కాబట్టి ఆ పంపకం మామూలుగా సరిపోతుంది. నాలాంటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి సరిపోదు.

నేను కూర్చునే సీటులోనే ఆ తంటా నాకే ఎదురైంది. మా ఫారాల్లో జబ్బుకి ఒక గడి, ఒక కోడు. సీఎంఎల్‌కి సి92.1, థ్రాంబోసైతీమియాకి డి47.3. ఒకే గడిలో రెండు కోడ్లు ఎక్కవు. మొదటి కోడు వేస్తే హైడ్రాక్సీయూరియా బిల్లు ఎందుకని అడుగుతారు, రెండోది వేస్తే ఇమాటినిబ్ ఎందుకని అడుగుతారు. పక్క సీటు ఆయన "మేడమ్, రెండో జబ్బు కొత్తగా వచ్చిందని రాసేద్దామా?" అన్నారు. అలా రాస్తే అబద్ధమవుతుంది. ఎందుకో చెబుతాను.

మొదటిసారి తీసిన నమూనా డీఎన్ఏ ల్యాబులో భద్రంగానే ఉంది. డాక్టరుగారు పట్టుబట్టి దానిమీద కూడా జాక్2 చేయించారు. అందులోనూ ఉంది, 12 శాతం. అంటే రెండో జబ్బు ఇమాటినిబ్ వల్ల రాలేదు, తరవాత పుట్టుకొచ్చిందీ కాదు. మొదటినుంచీ పక్కనే ఉంది. లుకేమియా కణాలు మజ్జంతా ఆక్రమించుకున్నప్పుడు ఇవి తక్కువ పాలు. ఇమాటినిబ్ వాటిని తుడిచేశాక ఖాళీ అయిన చోటుని ఇవి ఆక్రమించాయి, 12 కాస్తా 31 అయింది. ఇందులోంచే ఆయన ఇంకో సంగతి కూడా లాగారు. రెండు మార్పులూ ఒకే కణంలో ఉండి ఉంటే ఇమాటినిబ్‌తో రెండూ కలిసే తగ్గాలి. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరిగిందంటే జాక్2 ఉన్న కణాల్లో చాలావాటికి ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ లేదన్నమాట. మొదటి పరీక్షలో 20కి 14 కణాల్లోనే అది దొరకడం గుర్తుందా? ఆ మిగిలిన ఆరూ ఆరోగ్యమైన కణాలని అందరం అనుకున్నాం.

మజ్జ పరీక్ష మళ్లీ చేశారు. ఈసారి భయం లేదు, విసుగే. ప్లేట్‌లెట్లు తయారుచేసే మెగాకేరియోసైట్లని చూశారు. సీఎంఎల్‌లో అవి చిన్నగా, మరుగుజ్జుల్లా ఉంటాయట. ఇప్పుడు కనబడుతున్నవి పెద్దవి, దుప్పి కొమ్ముల్లా కేంద్రకం పాయలుపాయలుగా విడిపోయి ఉన్నవి. థ్రాంబోసైతీమియా లక్షణం అది. నారపదార్థం కొంచెం, మొదటి గ్రేడు. ఆ పాథాలజీ రిపోర్టు వచ్చాక ఇక ఎవరికీ అనుమానం లేకుండా పోయింది.

క్లెయిము సంగతి ముగించేస్తాను. డాక్టరుగారి చేత రెండు జబ్బుల పేర్లూ, రెండూ మొదటినుంచీ ఉన్నాయన్న ముక్క, ఏ మందు దేనికి అన్నదీ ఒకే ఉత్తరంలో రాయించి జతచేశాను. ప్రశ్నలొచ్చాయి, జవాబిచ్చాను, పాసైంది. ఫారంలో గడి లేనప్పుడు పనిచేసేది డాక్టరు ఉత్తరమే. నా సీటు ముందుకి అలాంటి ఉత్తరాలతో వచ్చినవాళ్లని ఇప్పుడు ఇంకాస్త ఓపిగ్గా చూస్తున్నాను.

మందుల విషయం. ప్లేట్‌లెట్లు ఎక్కువుంటే రక్తం గడ్డకడుతుందని అందరికీ తెలుసు. మరీ ఎక్కువైతే ఉల్టా రక్తస్రావం కూడా అవుతుందని నాకు తెలియదు. గడ్డకట్టడానికి కావలసిన వాన్ విల్లీబ్రాండ్ అనే పదార్థాన్ని అవే ఖర్చుచేసేస్తాయట. అందుకని పది లక్షల పైన ఉన్నప్పుడు ఆ పరీక్ష చూడకుండా ఆస్పిరిన్ ఇవ్వలేదు. అది బాగుందని తేలాక 75 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. ఆ చిన్న బిళ్ల చేసిన మేలు నేను మర్చిపోలేను. అంతకాలం నన్ను గచ్చు మీద పడుకోబెట్టిన వేళ్ల మంట కొద్దిరోజుల్లోనే పోయింది. మెంతులు తినీ తినీ విసిగిన మనిషిని, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ప్లేట్‌లెట్లు తగ్గడానికి మళ్లీ హైడ్రాక్సీయూరియా, ఈసారి ఇమాటినిబ్‌తో పాటు. ఇద్దరూ కణాలని అణిచేవాళ్లే కాబట్టి కత్తి మీద సామే అయింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే తెల్లకణాలు 2,400కి పడిపోయాయి. జ్వరమొస్తే క్షణం ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. కొన్నాళ్లు హైడ్రాక్సీయూరియా ఆపాం, ఇమాటినిబ్ ఆపలేదు. ఏది ఆపాలన్నది కూడా ఆయన ఆలోచించే చెప్పారు: లుకేమియా మందు మానితే వచ్చే నష్టం పెద్దది. తరవాత రోజుకొకటి, కొన్ని రోజులు రెండు, ఇలా కుదురుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ రోజుల్లో వారంవారం సీబీపీ. ల్యాబు కుర్రాడు నా నరం ఎక్కడుందో చూడకుండా చెప్పగలడు.

ఈ హైడ్రాక్సీయూరియా గుళికతో గోళ్ల మీద నల్లని చారలొచ్చాయి, నోట్లో పుండ్లొచ్చాయి. ఎండలో తిరిగేటప్పుడు గొడుగు, పొడుగు చేతులు తప్పనిసరన్నారు. గుళికని విప్పకూడదు, కడుపుతో ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. మా మరదలు నెల తప్పినప్పుడు నా మందుల డబ్బా బీరువా పైకెక్కింది. తిండి దగ్గర పెద్ద పథ్యమేమీ లేదు, పంపరపనస మాత్రం వద్దన్నారు, ఇమాటినిబ్‌ని ఒంట్లోంచి పోనివ్వదట. చుట్టాలు తెచ్చిన ఆకుపసర్లకి దణ్ణం పెట్టి పక్కన పెట్టేశాను.

రక్సోలిటినిబ్ అని జాక్ మీదే పనిచేసే మందుంది కదా, అది ఎందుకివ్వరని మా అమ్మాయి అడిగింది. మైలోఫైబ్రోసిస్‌కి 2011లో అనుమతి వచ్చిన మందు అది. డాక్టరుగారు రెండు కారణాలు చెప్పారు. నాకిప్పుడు ప్లీహం మామూలుగా ఉంది, నార ఎక్కువ లేదు, హైడ్రాక్సీయూరియా పట్టుతోంది కాబట్టి అవసరం లేదు. రెండోది, అది విరిగిపోవడానికి కావలసిన కాలేయపు ఎంజైముని ఇమాటినిబ్ అడ్డుకుంటుంది, రెండూ కలిపితే మోతాదు చూసుకుని ఇవ్వాలి. పాత ఇంటర్‌ఫెరాన్ ఈ రెండు జబ్బుల మీదా పనిచేస్తుందని కూడా చెప్పారు, అవసరమైతే చూద్దామన్నారు. మజ్జ మార్పిడితో రెండూ ఒకేసారి పోవచ్చు గానీ, బిళ్లలకి లొంగుతున్న జబ్బుకి అంత ప్రమాదం నెత్తికెత్తుకోవద్దన్నారు. నాకూ అదే సబబనిపించింది.

ఇంకొకటి రాయాలి. జబ్బు సంగతి చుట్టాల్లో చాలామందికి మావారు చెప్పనివ్వలేదు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, "తల్లికి క్యాన్సరట, అదీ జన్యువులదట" అన్న మాట ఎంత దూరం పోతుందో తెలిసిందే. జన్యువు అనగానే మనవాళ్లు వంశం అనుకుంటారు. నేనూ భయపడే డాక్టరుగారిని ఒంటరిగా అడిగాను. ఈ రెండు మార్పులూ పుట్టుకతో వచ్చినవి కావు, పెద్దయ్యాక మజ్జలో ఏదో ఒక కణంలో మొదలైనవి, బిడ్డకి సంక్రమించవు అన్నారు. ప్లేట్‌లెట్లు పెరిగే రకం జబ్బులు కొన్ని కుటుంబాల్లో కాస్త ఎక్కువగా కనబడతాయి గానీ, దానికోసం పిల్లకి పరీక్షలు పెట్టనక్కర్లేదన్నారు. ఆ రాత్రి మావారికి చెప్పాను. మర్నాడు మా వదినగారికి ఆయనే ఫోన్ చేసి చెప్పేశారు. పెళ్లివారికి కూడా దాచలేదు. ఒక సంబంధం వెనక్కి పోయింది. పోతే పోయింది.

ఏడాదికి బీసీఆర్-ఏబీఎల్ 0.06కి వచ్చింది, 0.1 లోపుండాలి. ప్లేట్‌లెట్లు నాలుగు లక్షల చుట్టుపక్కల తిరుగుతున్నాయి. మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్, ఎప్పుడూ ఒకే ల్యాబులో. ల్యాబు మారితే దశాంశాల్లో తేడాలొచ్చి లేనిపోని కంగారు పుడుతుంది, ఇది మాత్రం ఎవరు అడిగినా చెబుతాను. మజ్జలో నార పెరుగుతోందేమోనని ప్లీహాన్ని చేత్తో తడిమి చూడటం ప్రతిసారీ ఉంటుంది. హిమోగ్లోబిన్ పెరుగుతుందేమో కూడా చూస్తారు, ఎందుకంటే జాక్2 ఉన్న థ్రాంబోసైతీమియా ఒక్కోసారి పాలిసైతీమియాలోకి మళ్లుతుంది.

క్రితంసారి 0.008 వచ్చింది. సీఎంఎల్ ఉన్నవాళ్లు ఇలా 0.01 లోపు కనీసం రెండేళ్లు నిలకడగా ఉంటే ఇమాటినిబ్ ఆపి చూస్తారు. ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి తిరగబెడుతుంది, అదీ ఎక్కువగా మొదటి ఆర్నెల్లలోనే, మళ్లీ మందు వేస్తే చాలావరకు లొంగుతుంది. నాకూ ఆ అవకాశం ఉందా అని అడిగాను. ఉంది, కాకపోతే అప్పుడు నెలనెలా పరీక్ష చెయ్యాలి, ప్లేట్‌లెట్లు పెరిగితే అవి ఏ జబ్బువో జన్యు పరీక్ష చూసిగానీ చెప్పలేం అన్నారు. ఆస్పిరిన్, హైడ్రాక్సీయూరియా ఆపే ప్రశ్నే లేదు, అవి ఇంకో జబ్బువి. సంక్రాంతి వెళ్లాక మళ్లీ రక్తమివ్వాలి. అప్పుడూ 0.01 లోపే ఉంటే రెండేళ్ల లెక్క 0.008 వచ్చిన రోజునుంచి వేస్తానన్నారు.